ఓబులేసు మంత్రిగారి శంకుస్థాపనలు

ఎర్రకొండల అడవి తరిగిపోయి బీడుభూములు మొదలయ్యే చోట మూడు దోవలు కలుస్తాయి. ఒకటి అడవిలోకి, ఒకటి బీళ్ళలోకి, ఇంకొకటి రాజధానికి. ఆ కూడలిలో ఓబులేసు అనే ఎలుగుబంటి అంగడి నడిపేవాడు. ఉప్పుగడ్డలు, చింతపండు, తేనె, శెనక్కాయ చెక్క, నారతాళ్ళు, పుండ్లకు పూసే వేపనూనె, అన్నీ ఆ అంగట్లోనే.

ఓబులేసు నోటి వెంట ‘లేదు’ అనే మాట ఎవరూ విని ఎరగరు. ఉప్పు అయిపోతే “నిండుకుంది, వస్తుంది” అనేవాడు. ఎప్పుడొస్తుందని అడిగితే “దోవలో ఉంది” అనేవాడు. అడిగినవాడు ఉప్పు లేకుండానే, ఉప్పు దొరికినంత తృప్తిగా ఇంటికి పోయేవాడు. ఇందులో మోసమేమీ లేదు. అది అంగడి మర్యాద. వారం తిరిగేలోగా ఉప్పు నిజంగానే వచ్చేది.

అంగడికి పడమరగా ఉప్పువంక ఉంది. దాని అవతలి ఒడ్డున గొర్రెలు, మేకలు, కుందేళ్ళు, ముళ్ళపందులు కాపురముంటాయి. ఎండాకాలం వంకలో ఇసక తప్ప ఏమీ ఉండదు. వానాకాలం మూడు నెలలూ అవతలివాళ్ళు అవతలే, ఇవతలివాళ్ళు ఇవతలే.

ఒక ఏడు ఓబులేసు కొండమీది నుంచి మద్దిమాను ఒకటి ఈడ్చుకొచ్చి వంకకు అడ్డంగా పడేశాడు. గిరాకీ పోకూడదని వేశాడు. అవతలివాళ్ళు మాత్రం పుణ్యానికి వేశాడనుకున్నారు. ఆ మాను రెండు వానాకాలాలు ఆగి మూడోదానికి కొట్టుకుపోయింది. మాను పోయినా పేరు నిలిచింది.

ఆ పేరును అందరికంటే ముందు గమనించినవాడు జంబులింగం. వీడొక నక్క. పొద్దస్తమానం అంగడి అరుగు మీద కూర్చునేవాడు. ఏమీ కొనేవాడు కాదు. అందరి మాటలూ వినేవాడు.

“ఓబులేసన్నా, నువ్వు అంగట్లో ఉండాల్సినోడివి కాదు” అన్నాడు ఒకనాడు.

“మరి యాడుండాల?”

“సభలో. ఎన్నికలొస్తా ఉండాయి. నిలబడు.”

“నాకు ఉపన్యాసాలు రావు కదప్పా.”

“వస్తుంది, దోవలో ఉంది అంటావు చూడు, అదే ఉపన్యాసం. అంతకంటే ఎక్కువ మాట్లాడినోళ్ళంతా ఓడిపోయి ఇంట్లో ఉండారు.”

ఓబులేసు పెళ్ళాం నరసక్క లోపల చింతపండు పిక్క తీస్తూ ఇదంతా వింది. నక్క వెళ్ళాక మొగుణ్ణి అడిగింది.

“పోయి ఏం చేస్తావు?”

“వంతెన తెస్తా నరసా. మాను కాదు, సిసలైన వంతెన. టేకుదుంగలది. పిల్లాజెల్లా కాలు తడవకుండా దాటేది.”

ఆ మాట అన్నప్పుడు ఓబులేసు కళ్ళు మెరిశాయి. అతను నిజంగానే అన్నాడు. ఆ సంగతి నరసక్కకు తెలుసు, అందుకే అడ్డు చెప్పలేదు.

ఆ రాష్ట్రంలో ఓటంటే చింతపిక్క. ఎవరికి ఇష్టమైన వాళ్ళ కుండలో వాళ్ళు పిక్క వేస్తారు. ఓబులేసు కుండ నిండి పొర్లింది. అవతలి ఒడ్డువాళ్ళు అతన్ని భుజాల మీద ఊరేగించాలని చూశారు. ఎలుగుబంటిని ఎత్తడం మేకల వల్ల కాలేదు. మోస్తున్నట్టు చేతులు పైకెత్తి పక్కన నడిచారు.

రాజధానిలో సభకు పెద్ద ఒక సింహం. అందరూ పెద్దాయన అంటారు. ఓబులేసు వంతెన అర్జీ పట్టుకుని మొదటిసారి పోయినప్పుడు పెద్దాయన నిద్రపోతున్నాడు. రెండోసారి పోయినప్పుడు నిద్రకు ఉపక్రమిస్తున్నాడు. మూడోసారి మెలకువగానే ఉండి, “మీ వంక కంటే పెద్ద వంకలు చాలా ఉన్నాయయ్యా” అన్నాడు.

ఓబులేసు దిగాలుగా బయటికొచ్చాడు. జంబులింగం ఈపాటికి అతని కార్యదర్శి. మెడలో నీలం కండువా కూడా వచ్చింది.

“సార్, అడిగేవాళ్ళు పెద్దాయనకు గుర్తుండరు. అలిగేవాళ్ళు గుర్తుంటారు.”

“అంటే?”

“ఇంకో ఐదుగురిని కూడగట్టుకుని అలగండి. మిగతాది నేను చూసుకుంటా.”

ఓబులేసు అలిగాడు. నెల రోజులు సభలో గోడవైపు తిరిగి కూర్చున్నాడు. నెల తిరిగేసరికి బాటలు, రేవుల శాఖకు మంత్రి అయ్యాడు. అర్జీ పట్టుకుని తిరిగిన మూడేళ్ళలో రానిది, ఏమీ అడగకుండా గోడను చూస్తే వచ్చింది. ఈ పాఠం అతని మనసులో గట్టిగా పడింది.

మంత్రి కాగానే చేసిన మొదటి సంతకం ఉప్పువంక వంతెనకే. నలభై టేకుదుంగలు మంజూరయ్యాయి. అవి రాజధానిలో బయలుదేరాయి. సగం దోవలో, సభలో పెద్దాయన పక్కన కూర్చునే పులిగారి విడిది దగ్గర ఆగిపోయాయి.

“విడిదికి పైకప్పు తక్కువైందట సార్. తాత్కాలికంగా వాడుకుంటారట” అన్నాడు జంబులింగం.

“ఎవర్ని అడిగి ఇచ్చినావు?”

“పులిగారు అడిగితే మనం ఎవర్నైనా అడిగే వీలుంటుందా సార్?”

ఓబులేసు పంజాతో బల్ల మీద కొట్టబోయాడు. పులి ముఖం గుర్తొచ్చి నెమ్మదిగా పెట్టాడు.

“మరి మా వంతెన?”

“దోవలో ఉంది సార్.”

జన్మంతా ఓబులేసు చెప్పిన మాటే ఇప్పుడు అతనికి తిరిగొచ్చింది. “ఊళ్ళో ఏం చెప్పాల?” అని మాత్రం అడిగాడు.

“చెప్పేదేముంది? శంకుస్థాపన చేద్దాం.”

వంక ఇవతలి ఒడ్డున మొదటి రాయి పడింది. దాని మీద ‘గౌరవనీయ మంత్రివర్యులు ఓబులేసుగారి అమృత హస్తాలతో’ అని చెక్కించారు. కోకిల పాడింది. ఓబులేసు మాట్లాడాడు. అందరూ చప్పట్లు కొట్టి ఇళ్ళకు పోయారు. రాయి ఒక్కటే అక్కడ ఉండిపోయింది.

ఆ వానాకాలం అవతలి ఒడ్డున చెంగమ్మ అనే గొర్రెకు పురుడొచ్చింది. బిడ్డ అడ్డం తిరిగింది. మంత్రసాని పుల్లక్క ముసలి మేక. ఆమె ఆ రోజు వేపనూనె కోసం ఇవతలికి వచ్చి చిక్కుకుపోయింది. వంక ఒడ్డుదాకా పారుతోంది. పుల్లక్క రెండుసార్లు నీళ్ళలోకి దిగింది. రెండుసార్లూ నీళ్ళు ఆమెను వెనక్కి విసిరేశాయి. చివరికి ఒడ్డున నిలబడి, “అట్ల పట్టుకోండి, ఇట్ల తిప్పండి” అని అరిచింది. నీళ్ళ హోరులో ఆ అరుపు అవతలికి చేరలేదు. తల్లి బతికింది. పిల్ల బతకలేదు.

వంక తగ్గాక చెంగమ్మ అంగడికి వచ్చింది. ఉప్పుగడ్డ ఒకటి తీసుకుంది. వంతెన మాట ఎత్తలేదు, ఎవర్నీ తిట్టలేదు. నరసక్కకు అదే ఎక్కువైంది.

ఓబులేసు పండగకు ఇంటికొచ్చినప్పుడు నరసక్క అడిగింది.

“వంతెన సంగతేంది?”

“వస్తుంది నరసా.”

“ఎప్పుడు?”

“దోవలో...”

“నీ అంగట్లో కూర్చునేదాన్ని నేను. దోవలో ఉందంటే ఏందో నాకు చెప్పొద్దు. చెంగమ్మ బిడ్డ పోయింది. తెలుసా నీకు?”

ఓబులేసు తల దించుకున్నాడు. “తెలుసు. లింగం చెప్పినాడు. పరామర్శ లేఖ పంపించినాం.”

“చెంగమ్మకు చదువు రాదు.”

తెల్లారి మంత్రిగారు రాజధానికి వెళ్ళిపోయారు. ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, దాటాక బోడిమల్లయ్య అన్నారు అవతలి ఒడ్డువాళ్ళు. ఇక్కడ మంత్రి ఒక్కడే ఏరు దాటాడు, వాళ్ళు దాటనేలేదు.

ఆ మధ్యాహ్నం నరసక్క పుల్లక్కనీ, చెంగమ్మనీ, మునెప్ప అనే ముళ్ళపందినీ, ఇంకా కొందరు పెద్దల్నీ అంగడి వెనక్కి పిలిచింది.

“ఇంక ఎవరూ వంతెన అడగొద్దండి” అంది.

“మరేం అడగాల?” అన్నాడు మునెప్ప.

“రాళ్ళు. శంకుస్థాపన రాళ్ళు. వాళ్ళు అడక్కుండానే ఇచ్చేది అదొక్కటే. ఒక్కో వాడవాళ్ళు వేరేవేరేగా పోండి. మా వాడకు మా రాయి కావాలని అడగండి. ఒకరి రాయి పక్కన ఒకరిది వద్దని పేచీ పెట్టండి. ఎడం ఉండాలని పట్టుబట్టండి.”

“ఎంత ఎడం?”

నరసక్క చెంగమ్మ కాళ్ళవైపు చూసింది. “నిండుచూలాలైన గొర్రె వేసే అంగంత” అంది.

మునెప్ప తల గోక్కుని, “ఒడ్డునేసే రాళ్ళు మనకెందుకక్కా?” అన్నాడు. పుల్లక్క అతని చెవిలో ఏదో చెప్పింది. మునెప్ప ముళ్ళన్నీ ఒక్కసారి నిక్కబొడుచుకున్నాయి. సంతోషమొస్తే ముళ్ళపందికి అంతే.

మాఘమాసంలో ముళ్ళపందుల బృందం రాజధానికి వెళ్ళి జంబులింగాన్ని కలిసింది.

“అయ్యా, మంత్రిగారి రాయి ఇవతలి ఒడ్డునుంది. అవతలివాళ్ళం మేం దాన్ని చదవలేకపోతున్నాం. మా వాడ తరఫున ఒకటి వేయించండి, ఇంకొంచెం ముందుకు” అన్నాడు మునెప్ప.

“ముందుకంటే వంకలోకి వస్తుంది కదప్పా.”

“వంకలో అయితే రెండు ఒడ్లకీ కనపడుతుంది.”

జంబులింగం ఆలోచించాడు. వంతెనకైతే నలభై దుంగలు. రాయికైతే కొండ ఊరికే ఇస్తుంది. మోయడానికి శాఖలో ఏనుగు ఉంది. రాయికొక వాడ ఓట్లు వస్తాయంటే బేరం బాగానే ఉంది.

“అట్లే కానీండి” అన్నాడు.

“అయ్యా, ఇంకొక్క మనవి. వంకకు వరదొస్తుంది. మంత్రిగారి పేరు నీళ్ళలో మునిగితే మాకు తలవంపులు. కింద ఎత్తుగా దిమ్మె కట్టించి, పైన పలక పెట్టించండి. పలకను నిలబెట్టొద్దు, వరద తోసేస్తుంది. పరుండబెట్టండి.”

“పరుండబెడితే ఎవరు చదువుతారు?”

“పక్షులయ్యా. వాళ్ళకూ ఓటుంది కదా.”

జంబులింగం ఆ రోజంతా ఆనందంగా ఉన్నాడు. పక్షుల సంగతి తనకు తట్టనందుకు కొంచెం సిగ్గుపడ్డాడు కూడా.

ముళ్ళపందుల రాయి పడిన వారానికే మేకలు వచ్చాయి. “ముళ్ళపందులకేనా గౌరవం? మాకు వద్దా? వాళ్ళ రాయికి ఆనించి మాత్రం వేయొద్దు, ముళ్ళు గుచ్చుకుంటాయి” అన్నాయి. తర్వాత గొర్రెలు వచ్చాయి. మేకల రాయి కంటే తమది వెడల్పుగా ఉండాలని పంతం పట్టాయి. కుందేళ్ళు వచ్చి తమ రాయికి నాలుగు గజాల దూరంలో గొర్రెల నీడ కూడా పడకూడదన్నాయి. అంత ఎడం కుదరదని నక్క బతిమాలి, ఒక అంగకు ఒప్పించాడు. తానే ఒప్పించానని పొంగిపోయాడు. నెమళ్ళు తమ జాతికి సభలో న్యాయం జరగలేదని ఏడ్చాయి. వాళ్ళకూ ఒకటి పడింది.

ప్రతి రాయికీ ఓబులేసు వచ్చాడు. ప్రతిసారీ కోకిల పాడింది. ఆరో రాయి దగ్గర ఓబులేసు దిమ్మె మీద నిలబడి ఉపన్యాసం మధ్యలో ఆగిపోయి, అటూ ఇటూ చూశాడు. అతనూ ఒకప్పుడు ఈ వంకకు అడ్డంగా మాను వేసినవాడే. ఒడ్డున జనంలో నరసక్క నిలబడి ఉంది. ఇద్దరి చూపులూ కలిశాయి. ఆమె కళ్ళు దించలేదు. ఓబులేసు గొంతు సవరించుకుని, “ఇట్లాంటి రాళ్ళు ఇంకా రావాలి” అని ఉపన్యాసం ముగించాడు.

అతనికి అర్థమయ్యే అన్నాడని కొందరంటారు. అలవాటుగా అన్నాడని కొందరంటారు.

వైశాఖం వెళ్ళేసరికి మిగతా వాడలవీ కలిపి వంకలో తొమ్మిది రాళ్ళయ్యాయి. ఇసకలో అవి ఉట్టి రాళ్ళలాగానే కనబడ్డాయి. జంబులింగం ఏ ఎండాకాలంలోనూ నీళ్ళ గురించి ఆలోచించినవాడు కాదు.

మళ్ళీ ఎన్నికలు వచ్చాయి. ఈసారి మంత్రసాని పుల్లక్క నిలబడింది. జంబులింగం విని పగలబడి నవ్వాడు గానీ జాగ్రత్త మానలేదు. అవతలి వాడల్లో గాలి పుల్లక్కవైపు ఉందని కాకులు చెప్పాయి. అందుకని ఎన్నికలు శ్రావణంలో పెట్టించాడు. కుండలు ఇవతలి ఒడ్డున, అంగడి ముందర పెట్టించాడు.

“వంక పారతా ఉంటే అవతలివాళ్ళు ఒక్కరూ రాలేరు సార్. ఇవతలి ఓట్లన్నీ మనవే” అన్నాడు.

“రాళ్ళిచ్చినాం కదా, వాళ్ళు మనకే వేస్తారేమో” అన్నాడు ఓబులేసు.

“వేస్తారేమో సార్. వేయరేమో కూడా. రాకుంటే ఆ బాధే లేదు.”

ఎన్నికల రోజుకు మూడు రోజుల ముందు నుంచి వాన. తెల్లారేసరికి ఉప్పువంక ఎర్రగా, ఒడ్లు ఒరుసుకుంటూ పారుతోంది. జంబులింగం సంతోషంగా ఒడ్డుకు వచ్చాడు. వచ్చి అలాగే నిలబడిపోయాడు.

వంక మధ్యలో గొర్రెలు నడుస్తున్నాయి.

తొమ్మిది పలకలూ నీటికి జానెడు ఎత్తున తేలి ఉన్నాయి. ఒక్కో అంగకూ ఒక్కో పలక. ముందు ముళ్ళపందులు దాటాయి, వెనక కుందేళ్ళు, ఆ వెనక మేకలు. ఎవరూ తోసుకోవడం లేదు. ఒకరి నీడ ఒకరి మీద పడకూడదన్నవాళ్ళు ఒకరి తోక పట్టుకుని ఒకరు దాటుతున్నారు. ఒక్కొక్కరి నోట్లో ఒక్కో చింతపిక్క.

జంబులింగం పరుగున ఓబులేసు దగ్గరికి పోయాడు.

“సార్! ఏనుగు ఇక్కడే ఉంది. ఒక్క మాట చెప్పండి. నడిమి రాయి పీకేస్తాడు. ఒక్కటి చాలు!”

ఏనుగు మంత్రిగారివైపు చూశాడు. ఓబులేసు వంకవైపు చూశాడు. నడిమి రాయి మీద చెంగమ్మ ఉంది. మళ్ళీ నిండుచూలాలు. ఆమె ముందు పుల్లక్క నడుస్తూ, వెనక్కి తిరిగి, “నిదానం తల్లీ, కాలు చూసుకో” అంటోంది. చెంగమ్మ కాలి కింద ఓబులేసు పేరుంది.

“సార్, పొద్దు పోతా ఉంది” అన్నాడు నక్క.

ఓబులేసు చెంగమ్మ మీది నుంచి చూపు తిప్పకుండానే అన్నాడు. “నా పేరున్న రాయి నేనే పీకిస్తే అపశకునం లింగం. ఉండనీ.”

మంచితనంతో అన్నాడో, పేరు మీది మోజుతో అన్నాడో ఈ రోజుకీ మూడుదోవల్లో ఎవరూ తేల్చలేదు. నరసక్క మాత్రం ఆ మాట విని, తడిసిపోతున్న మొగుడికి గోనెపట్టా తెచ్చి తల మీద కప్పింది.

సాయంత్రానికి పుల్లక్క కుండ నిండింది. ఓబులేసు కుండలో పిక్కలు అడుగున ఉన్నాయి. మంత్రి పదవి ఆ రోజే పోయింది.

మర్నాడు పొద్దున ఓబులేసు అంగడికి వచ్చాడు. నరసక్క పీట మీద కొంచెం జరిగి చోటిచ్చింది.

“అంతా నువ్వే చేయించినావు కదా?”

“ఊ.”

“నాకొక మాట చెప్పుండొచ్చు.”

“వంతెన సంగతి అడిగినా, చెంగమ్మ బిడ్డ సంగతి చెప్పినా. రెండు మాట్లూ నువ్వు మంత్రిమాదిరే బదులిచ్చినావు.”

ఓబులేసు వంకవైపు చూశాడు. “చెంగమ్మకు ఎన్నో నెల?” అని అడిగాడు.

“తొందర్లోనే. ఈసారి పుల్లక్క ఏ ఒడ్డునున్నా ఫరవాలేదు.”

ఓబులేసు ముఖం పంజాతో తుడుచుకుని, వచ్చిన గిరాకీకి శెనక్కాయ చెక్క తీసిచ్చాడు.

ఇక జంబులింగం. వాడు ఎన్నికలైన రాత్రికి రాత్రే రాజధాని చేరి, కొత్త మంత్రి దగ్గర కొలువు సంపాదించాలని చూశాడు. అంతలో పెద్దాయన పిలిపించాడు. పక్కనే పులి కూర్చుని ఉంది.

“ఉప్పువంక మీద వంతెన కట్టినారా, లేదా?” అన్నాడు సింహం.

కట్టలేదంటే, వరదలో అన్ని వాడలవాళ్ళు ఎలా దాటారన్న ప్రశ్న వస్తుంది. ఏదో ఒకటి కట్టామనడమే మేలని జంబులింగానికి తోచింది.

“కట్టినాం పెద్దాయనా. తొమ్మిది రాళ్ళతో.”

“రాళ్ళతోనా? మరి నేనిచ్చిన నలభై టేకుదుంగలేవి?”

జంబులింగం పులివైపు చూశాడు. పులి తన పంజాను తీరిగ్గా నాక్కుంటూ వాడివైపే చూసింది. పుట్టిన దగ్గర్నుంచి మాటకు తడుముకోని నక్క నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచాడు.

“దోవలో ఉన్నాయి” అన్నాడు చివరికి.

“మంచిది. దోవలో ఉంటే నువ్వే పోయి తీసుకురా. రాళ్ళ పక్కన వేయి. ఒక్కటి తగ్గినా మళ్ళీ నాకు కనపడకు” అని పెద్దాయన నిద్రపోయాడు.

పులిగారి విడిది పైకప్పు విప్పే ధైర్యం నక్కకు ఎక్కడుంది? కొండకు పోయి, ఎండు మాన్లు వెతికి, ఒక్కోదాన్నీ పళ్ళతో కరుచుకుని ఉప్పువంకకు ఈడ్వడం మొదలుపెట్టాడు. నలభై మాన్లు. దోవన పోయే మేకలూ గొర్రెలూ ఆగి, “ఏం లింగన్నా, యాడికి? ఏమన్నా మాట్లాడబ్బా” అని పలకరిస్తాయి. నోట్లో మాను ఉంది కాబట్టి జంబులింగం ఏమీ మాట్లాడలేడు.

నీతి: పెద్దలు ఇవ్వని దాన్ని అడిగేవాడు ఒడ్డునే ఉంటాడు, వాళ్ళు ఇచ్చేదాన్ని తనకు పనికొచ్చేట్టు అడిగేవాడు ఏరు దాటుతాడు.